మునిగే ముందు విప్పిన చెప్పులు

ఆ వీడియోలో సముద్రం చింతచిగురు రంగులో ఉంటుంది. అసలు రంగు అది కాదని నాకు తెలుసు. పాత రీలు, ఏ బీరువాలోనో ఏళ్ళ తరబడి పడి ఉండి నీలాన్ని మరిచిపోయింది. శబ్దం లేదు. నీళ్ళ మీద నల్లటి జలాంతర్గామి ఒకటి, చెరువులో దిగిన గేదెలా వీపు మాత్రం బయటపెట్టి మెల్లగా కదులుతూ ఉంటుంది. వీపు మీద నిలబడ్డ మనుషులు ఒక్కొక్కరే గుండ్రటి మూత గుండా లోపలికి దిగిపోతారు. మూత పడుతుంది. వీపు మునుగుతుంది. కాసేపు ఆకుపచ్చ నీళ్ళు కనిపిస్తాయి, ఇక్కడేమీ జరగలేదన్నట్టు. మధ్యలో ఓడ లోపల తీసిన ముక్కలు కొన్ని. అంతే వీడియో.

నేను చరిత్ర చదువుకున్నాను. అందువల్ల హిందీవాళ్ళ మధ్య ఈ ఉక్కు కార్ఖానా ఊళ్ళో, బిష్టుపూర్ పేటలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తున్నాను. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, ఫోన్‌ని నీళ్ళ సీసాకి ఆనించి, పాత జలాంతర్గాముల వీడియోలు చూడటం నా అలవాటు. మా ఆవిడ దీన్ని దురలవాటు అనుకున్నా కొంత గౌరవంగా ఉండేది. ఆమె అసలేమీ అనుకోదు.

చూసేవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. వీడియో కింద ప్రపంచంలోని పనిలేని వాళ్ళందరూ చేరి, రీలు ఆపి ఆపి చూస్తూ, అర్థంకాని వాటి మీద పోట్లాడుకుంటారు. ఉదాహరణకి, ఓడ లోపల తీసిన ముక్కలో, టార్పెడోలు వదిలే గొట్టాల గుండ్రటి తలుపుల మీద ఎర్రటి మచ్చలు, పసుపుపచ్చటి మచ్చలు కనిపిస్తాయి. ఎక్కడో చలిదేశపు పెద్దమనిషి అది తుప్పేనని, ఇలాంటి ఓడలో దిగడం కంటే నేరుగా సముద్రంలో దూకడం మేలని పెద్ద వ్యాసం రాశాడు. ఇంకొకాయన రీలుకి పట్టిన బూజు అన్నాడు. నాకు చూడగానే తెలిసిపోయింది. విశ్వకర్మ పూజ నాడు మా ఊళ్ళో పసుపూ కుంకుమా పడని యంత్రం ఉండదు. లేత్ మిషనుకి పెడతారు, క్రేనుకి పెడతారు, ఆటోకి పెడతారు. మా ఆఫీసు ప్రింటరుకి కూడా పెడతాం. అయినా అది పనిచెయ్యదనుకోండి, అది వేరే సంగతి. ఓడ మన నేవీది, ఆ రోజు దసరా ఆయుధ పూజ అయి ఉంటుంది. ఈ మాటే అక్కడ రాశాను. ఒక్కరు మెచ్చుకున్నారు. ఆ ఒక్కరు నేనే.

మిగతావి నాకూ అంతుబట్టలేదు. లోపల ఒక గోడ నుంచి ఇంకో గోడకి అడ్డంగా ఒక తాడు కట్టి ఉంది. దాని మీద ఎర్రగుడ్డ ఒకటి. ఎందుకో తెలియదు. ఇంకోచోట ఒక పొడుగాటి మనిషి మూతలోంచి పైకి వస్తాడు, చుట్టూ చూస్తాడు. కాసేపటికి అదే మనిషి అదే మూతలోంచి మళ్ళీ పైకి వస్తాడు. మధ్యలో లోపలికి వెళ్ళినట్టు ఎక్కడా లేదు. రీలు ముక్కలు అటూ ఇటూ అతికారని కొందరంటారు. అయి ఉండొచ్చు. కానీ రెండోసారి వచ్చినప్పుడు అతని ముఖం వేరుగా ఉంటుంది. మొదటిసారి వచ్చినవాడు గాలి కోసం వచ్చినట్టుంటాడు. రెండోసారి వచ్చినవాడు ఎవరినో వెతుక్కుంటూ వచ్చినట్టుంటాడు.

అన్నిటికన్నా పెద్ద పోట్లాట ఇంకో దాని మీద. ఓడ ముందువైపు ఇంకో మూత ఉంది. అది అప్పటికే మూసి ఉంటుంది. దాని పక్కన రెండు చిన్న వస్తువులు జంటగా కనిపిస్తాయి. లోతు కొలిచే పరికరం అన్నాడొకడు. శత్రువుకి రహస్య సంకేతం అన్నాడు ఇంకొకడు. ఇది ఓడే కాదు, సెట్టింగు అని మరొకడు తేల్చేశాడు. కళ్ళున్న ఏ తెలుగువాడైనా చెబుతాడు, అవి హవాయి చెప్పులు. గుమ్మం ముందు విప్పినట్టు, పక్కపక్కన, బుద్ధిగా. చుట్టూ సముద్రం. ఓడ మునుగుతుంటే నీళ్ళు వాటి దాకా వస్తాయి, సరిగ్గా అక్కడ రీలు తెగిపోయి వేరే ముక్క మొదలవుతుంది.

ఈ పిచ్చి నాకు పట్టడానికి కారణం మా మావయ్య. అమ్మకి తమ్ముడు. వయసులో ఉన్నప్పుడు విశాఖపట్నంలో సబ్‌మెరైన్ మీద పనిచేశాడు. పెళ్ళయ్యాక, అత్తవాళ్ళ నాన్న మాట మీద ఇక్కడికొచ్చి, కార్ఖానాలో రోలింగ్ మిల్లులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. కద్మాలో ఉంటాడు, మా ఇంటికి రెండు వీధులవతల. సముద్రం కింద ఆయన గడిపిన కాలం గురించి మా కుటుంబానికి తెలిసింది మొత్తం ఒక్క మాట. నా చిన్నప్పుడు అడిగాను.

"లోపల ఎలా ఉంటాది మావయ్యా?"

"ఇరుకు."

అదీ చరిత్ర. దానికి స్కూల్లో నేను కొంత కలిపి చెప్పాను. తిమింగలం పూర్తిగా నా సొంత కవిత్వం.

ఆయనకి ఇంకో అలవాటు ఉంది. చెప్పులు ఏ గుమ్మం బయటా విప్పడు. మా ఇంటికొస్తే గుమ్మం దగ్గర విప్పి, చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, కుర్చీ కింద పేపరు పరిచి దాని మీద పెట్టుకుంటాడు. పెళ్ళిళ్ళకి గుడ్డసంచి తెచ్చుకుంటాడు. గుడికెళితే బయట మెట్ల దగ్గరే నిలబడి, చెప్పులు చంకలో పెట్టుకుని, దేవుడు ఎంత కనిపిస్తే అంతకే దండం పెట్టుకుంటాడు. ఎప్పుడో గుడి దగ్గర చెప్పులు పోయి ఉంటాయని మేమంతా ఒక నిర్ణయానికి వచ్చేశాం. ఎవరూ ఆయన్ని అడగలేదు. కుటుంబంలో ముఖ్యమైన నిర్ణయాలన్నీ ఇలా అడగకుండానే జరుగుతాయి.

"దేవుడొచ్చి ఎదట నిలబడినా సరే," అనేది అత్త, "సెప్పులెక్కడెట్టుకోను సామీ అనడుగుతాడు మీ మావ."

ఈసారి వానలు మొదలైనప్పుడు మావయ్య కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. ముందు టీ గ్లాసు జారింది. గ్లాసుదే తప్పన్నాడు. తర్వాత తాళంచెవి తిరగలేదు. తాళానిదే తప్పన్నాడు. ఆఖరికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాకుండా పోయింది. పొద్దున్న అత్త ఎదురుగా నిలబడి గుండీలు పెడుతుంటే, ఆయన గోడమీది క్యాలెండరు వైపు చూస్తూ ఉండేవాడు, ఎవరో వేరేవాళ్ళ చొక్కాకి పెడుతున్నట్టు.

డాక్టరు చూసి, మెడలో నరం నొక్కుకుపోతోందన్నాడు. ఎమ్మారై తీస్తే తప్ప ఏం చెయ్యాలో తెలియదు. ఆలస్యమైతే చెయ్యి చచ్చుబడిపోతుంది. ఇందులో వేళాకోళం చెయ్యడానికి నాక్కూడా ఏమీ దొరకలేదు.

బిష్టుపూర్‌లో స్కానింగ్ సెంటరుకి తీసుకెళ్ళాం. ఉంగరం తీశారు, మొలతాడు తీశారు, వాచీ తీశారు. మావయ్య అన్నిటికీ బుద్ధిగా ఒప్పుకున్నాడు. ఆ గది తలుపు తెరిచారు. లోపల తెల్లటి గొట్టం. టెక్నీషియన్ కుర్రాడు మర్యాదగానే, "అంకుల్, చప్పల్ బాహర్ ఉతార్ దీజియే," అని చెప్పులు బయట విప్పమన్నాడు. మావయ్య లోపలికి చూశాడు. నేలకేసి చూశాడు. వెనక్కి తిరిగాడు.

"ఇయ్యాల వద్దులే. మెడ బాగానే ఉంది."

వారం తర్వాత మళ్ళీ తీసుకెళ్ళాం. ఇరుకంటే భయపడేవాళ్ళకి ఇచ్చే మాత్ర ఒకటి ముందే వేశారు. మావయ్య మీద అది పనిచెయ్యలేదు. ఆయన తలుపు దాకా వెళ్ళి, అదే కుర్రాడు అదే మాట అనగానే, అదే విధంగా వెనక్కి తిరిగాడు.

"తాతా, డర్ లగ్ రహా హై క్యా?" అంది వాళ్ళ మనవరాలు, భయమేస్తోందా అని. కూతురి కూతురు. కాలేజీ చదువు కోసం వీళ్ళ దగ్గరే ఉంటుంది. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది. హిందీలో అడిగితే ఫోన్ చూస్తుంది.

ఆటోలో అత్త ఊరుకోలేదు. "సముద్రం అడుక్కి దిగినాడట! సుట్టూ సేపలట! ఇక్కడ బిష్టుపూర్ల గొట్టంలో దూరమంటే కాళ్ళాడ్డం నేదు. అయినా నాకేటి? రేపు సెయ్యి పడిపోతే అన్నం నోట్లో నానెట్టాల గావాల."

మావయ్య ఒళ్ళో ఎడంచేత్తో కుడిచేతిని పట్టుకుని కూర్చున్నాడు, ఇంకెవరో పట్టుకోమని ఇచ్చి వెళ్ళిన వస్తువులాగా.

అప్పుడు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. ఆ వీడియో చూపిద్దాం. తను ఎంత ఇరుకులో ఎంత నిబ్బరంగా ఉన్నాడో గుర్తొస్తే, ఈ గొట్టం ఒక లెక్కలోది కాదనుకుంటాడు. చరిత్ర చదువుకున్నవాళ్ళకి గతం మీద ఇలాంటి నమ్మకాలుంటాయి.

ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. బయట వాన. కిటికీ రెక్కలు వేసేసి ఉన్నాయి. అత్త నేల మీద కూర్చుని వెల్లుల్లి వలుస్తోంది. మావయ్య మంచం మీద, మంచం కింద పేపరు మీద చెప్పులు. మనవరాలు నా ఫోన్ తీసుకుని ఏదో నొక్కింది, సముద్రం వచ్చి టీవీలో పడింది.

"ఏటిది?" అన్నాడు మావయ్య.

"నీ సబ్‌మెరైన్లు మావయ్యా."

"నాయి కావు. గవర్మెంటువి."

టీవీలో అంత పెద్దగా నేనూ ఎప్పుడూ చూడలేదు. గది అంతా ఆ చిగురు రంగు నిండింది. గోడ మీద, దోమతెర మీద, అత్త చేతిలో వెల్లుల్లి రెబ్బల మీద కూడా. పైన రేకు మీద వాన చప్పుడు. కిటికీ సందులోంచి చూస్తే వీధి కనిపించడం లేదు, నీళ్ళే. ఈ ఇల్లు నేల మీదే ఉందని కచ్చితంగా చెప్పగలిగేవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరనిపించింది. మాట్లాడితే బుడగలొస్తాయేమో అన్నట్టు కూర్చున్నాం.

ఓడ లోపలి ముక్క వచ్చింది. "ఆ తాడెందుకు మావయ్యా? జనం కొట్టుకు చస్తున్నారు."

ఆయన చాలాసేపు చూశాడు.

"పైన తేలినప్పుడు గోడకీ గోడకీ బిగించి కట్టీవోళ్ళం. కిందకెల్లేకొద్దీ అది వదులైపోద్ది. నీళ్ళు నాలుగేపులా నొక్కుతాయి గదా. ఓడ సన్నబడతాది."

అత్త వెల్లుల్లి ఆపింది. "ఇనుము సన్నబడ్డమేటి? నాను పుట్టింది ఇనుము ఊళ్ళో, పెరిగింది ఇనుము ఊళ్ళో. ఏ ఇనుమూ సన్నబడ్డం నాను సూడ్నేదు."

"నువ్వు కద్మాలో సూసినావు. అక్కడ సూడ్నేదు."

"మరి పైకొత్తే?"

"మళ్ళా బిగిసిపోద్ది. ఏటీ కానట్టే."

"దాని మీద ఎర్రగుడ్డ ఎందుకు మావయ్యా? లోతుకి గుర్తా?"

"తువ్వాలు. ఎవుడో ఆరేసుకున్నాడు."

నా చిన్నప్పటి నుంచి చెప్పినదానికంటే ఎక్కువ ఆ కాసేపట్లోనే చెప్పేశాడు. మనవరాలు ఫోన్ పక్కన పెట్టింది. మా ఇళ్ళల్లో ఇది పెద్ద సంఘటన.

పొడుగాటి మనిషి పైకొచ్చాడు. మళ్ళీ పైకొచ్చాడు. "ఇతను లోపలికెప్పుడెళ్ళాడు మావయ్యా? ఎవరికీ తెలియడం లేదు."

"ఒకసారి దిగి రెండుసార్లు పైకొచ్చినాడు. మంచిదే గదా. నీకేటి కట్టం?"

ఇన్నాళ్ళ చర్చలో ఈ కోణం ఎవరికీ తట్టలేదు.

తర్వాత ముందువైపు మూత వచ్చింది. దాని పక్కన ఆ రెండూ. నేను నవ్వుతూ, శత్రువు సంకేతం సంగతీ, లోతు కొలిచే పరికరం సంగతీ చెప్పబోయాను.

"ఆపు," అన్నాడు మావయ్య.

మనవరాలు ఆపింది. చిగురు రంగు సముద్రం గోడ మీద కదలకుండా నిలబడింది. మావయ్య మంచం దిగి టీవీ దగ్గరికెళ్ళాడు. వంగి చూశాడు. కుడిచెయ్యి ఎత్తి చూపించబోయి, అది లేవక, ఎడంచేత్తో చూపించాడు.

"ఎడందానికి పిన్నీసుంటాది."

"కనబడటం లేదు మావయ్యా, అంతా మసకగా..."

"కనబడదు. నానెట్టినాను."

వాన చప్పుడు ఒక్కసారి ఎక్కువైనట్టయింది. బహుశా మేమంతా ఊపిరి ఆపడం వల్ల.

"నీ సెప్పులేటి?" అంది అత్త.

"నాయే." ఆయన తిరిగొచ్చి మంచం అంచున కూర్చున్నాడు. "అప్పటికి కొత్తగా సేరినాను. దసరా పూజ. తెల్లారే తానాలు సేసీసి, అందరం పూజకెల్లినాం. అందరూ బూట్లు ఒడ్డునే ఇప్పీసినారు. నాను సెప్పులేసుకొచ్చినాను గదా, సెక్క మీంచి ఓడెక్కీసి, మూత దగ్గరిప్పినాను. లోపల దేవుడుంటే సెప్పులతో ఎలా దిగుతాను? గుమ్మం దగ్గరే గదా ఇప్పాల?"

"గుమ్మమే మరి," అంది అత్త. ఇందులో తప్పేముందో ఆమెకి తెలియలేదు. నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు.

"పూజయింది. కొబ్బరి ముక్కలు తిన్నాం. ఆ రోజెవులో కెమెరాలట్టుకొచ్చినారు, లోపల కొంత తీసినారు, మిగతాది పక్క ఓడ మీంచి తీత్తారట. ఓసారి బయటికెల్లి మునిగి సూపించండన్నారు. అందరూ ఎవుడి పనికాడు ఎల్లిపోనారు. ముందు మూత లోపల్నుంచే యేసీసినారు. నాను నా సోట్ల నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది."

"అప్పుడు చెప్పాలి కదా మావయ్యా?"

"సెప్పినాను. నా పై ఆఫీసరుకి. సార్, నా సెప్పులు పైనున్నాయి సార్, అన్నాను. ఆయన పంజాబీ ఆయన. నాకేసి సూసినాడు. సూసి, సూసి, కిసీ ఔర్ కో మత్ బతానా, ఇంకెవుడికీ సెప్పకు, అన్నాడు. అంతలోకే దిగిపోతన్నాం."

మనవరాలు నవ్వింది. నేనూ నవ్వాను. మావయ్య నవ్వలేదు.

"ఓడ మీద వదిలీసిన వస్తువు ఉండకూడదు. పైకొచ్చినాక నెల్లాళ్ళు బంగాళాదుంపలు తొక్క తీయించినారు నాసేత. అది పరవానేదు. తర్వాత ఎక్కడికెల్లినా, ఒరే సెప్పులోడా అనీవోళ్ళు. అదీ పరవానేదు. కానీ ఆ దిగినప్పుడున్నాదే..." ఆగాడు. తాడు గురించి చెప్పినంత తేలిగ్గా ఇది రావడం లేదు. "మన్లో ఎవులింటికైనా ఎల్తే, ముందు గుమ్మం కాడ సెప్పులు సూత్తాం. సెప్పులుంటే మనిసున్నాడు. అంతే గదా? నాను కిందకెల్తన్నాను. ఆ సెప్పులు తేలిపోతాయి. ఏ పక్కకెల్తాయో, రెండూ ఓ పక్కకే ఎల్తాయో లేదో. అప్పుడు నాను లోపలున్నానని పైనెవుడికి తెలుస్తాది? ఓ పక్క తాడు వదులైపోతంది. అందరూ పని సేసుకుంటన్నారు. నాకు మాత్రం, నాను లోపల లేనేమో అనిపించీసింది. ఎక్కడా లేనేమో అని."

టీవీలో నీళ్ళు చెప్పులకి జానెడు దూరంలో ఆగి ఉన్నాయి.

అత్త ఒళ్ళోంచి వెల్లుల్లి పొట్టు దులుపుకుంది. ఆమె ఆలోచించడం మాకు వినిపించింది.

"అయితే గొట్టం కాదేటి?" అంది. "గొట్టమంటే నీకేటీ బయం నేదు. గుమ్మమేటి నీ కట్టం?"

మావయ్య క్యాలెండరు వైపు చూశాడు.

"ఆడు బయటిప్పీమన్నాడు," అన్నాడు.

"మరి ఆ ముక్క సెప్పొచ్చు గదా! ఇన్నాళ్ళూ పిరికోడివని ఆటోలో అంతేసి మాటలన్నాను. పడ్డావు గానీ సెప్పవేటి?"

"ఏటని సెప్పీది? సెప్పులు బయటుంటే బయమేత్తాదని సెప్పమంటావా? ఇంత ముసిలోడ్నయి?"

"పిరికోడనిపించుకోడం బాగుందేటి?"

"దానికి ఓ మర్యాదుంది," అన్నాడు మావయ్య.

సోమవారం ఆఫీసులో డబ్బా తెరిచి, వీడియో కింద జవాబు రాశాను. ఇవి ఫలానా వాళ్ళ చెప్పులు, ఎడమదానికి పిన్నీసు ఉంది, ఇలా జరిగింది అని. రాసి, చెరిపేశాను. ఇంట్లోవాళ్ళకి చెప్పడానికే ఆయనకి ఒక జీవితం పట్టింది. చలిదేశపు పెద్దమనిషి ఇంకొన్నాళ్ళు ఆగగలడు. ఈసారి ఆ వీడియో చివర్లో ఖాళీ నీళ్ళు నాకు ఖాళీగా కనిపించలేదు. ఎక్కడో రీలు బయట, రెండు చెప్పులు ఒకే పక్కకి వెళ్తున్నట్టు అనిపించింది. అలా అనుకోవడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఆ వారంలోనే మళ్ళీ స్కానింగ్ సెంటరుకి వెళ్ళాం. వాన తగ్గలేదు. ఖర్కాయి నది నిండుగా పారుతోందని ఆటోవాడు చెబుతూనే ఉన్నాడు. సెంటరు లోపలికి అందరి కాళ్ళతో పాటు సగం వీధి వచ్చేసింది, ఒకామె తడిగుడ్డతో దాన్ని మళ్ళీ బయటికి తోస్తోంది. ఉంగరం, మొలతాడు, వాచీ. తలుపు తెరుచుకుంది. కుర్రాడు మమ్మల్ని గుర్తుపట్టి, ఆశ వదులుకున్న గొంతుతో, "అంకుల్, చప్పల్..." అన్నాడు.

మావయ్య నిలబడిపోయాడు.

నేను చెప్పులు నా చేత్తో పట్టుకుంటానని చెప్పబోతున్నాను. అత్త అప్పటికే బల్ల మీద కూర్చుని, తన చెప్పులు విప్పి పక్కకి తోసేసింది.

"ఇలా తే," అంది.

మావయ్య విప్పాడు. అత్త వాటిలో కాళ్ళు దూర్చింది. పర్సుడీహ్ బజార్లో ఆమే కొన్న చెప్పులు. ఆమె పాదాలు వాటిలో సగం కూడా నిండలేదు. వేళ్ళు ముడిచి గట్టిగా పట్టుకుంది.

"ఇయెక్కడికీ పోవు. లోపల కాళ్ళున్నాయి. నువ్వెల్లిరా."

ఆయన ఆమె కాళ్ళవైపు కాసేపు చూశాడు. తర్వాత వట్టికాళ్ళతో లోపలికెళ్ళాడు. తలుపు పడింది.

ముందే చెప్పేస్తాను, చెయ్యి నిలిచింది. ఆపరేషన్ చేశారు, ఇప్పుడు గుండీలు తనే పెట్టుకుంటున్నాడు, మెడ దగ్గరిది తప్ప. దానికి గుండీదే తప్పంటాడు. కానీ ఆ రోజు బల్ల మీద కూర్చున్నప్పుడు ఇదేమీ మాకు తెలియదు. గోడవతల యంత్రం మొదలైంది. ధబ్ ధబ్ ధబ్ అని లోతులోంచి వచ్చే చప్పుడు, ఆగుతుంది, మళ్ళీ వేరే గొంతుతో మొదలవుతుంది. ఒక్కోసారి అది రోలింగ్ మిల్లులా వినిపించింది, ఒక్కోసారి నేనెప్పుడూ వినని ఇంజనులా. కారిడార్ దీపాలు కొంచెం పచ్చగా ఉన్నాయి. కిటికీ అద్దం మీద వాన జారుతోంది. నేను కళ్ళు మూసుకున్నాను. మావయ్య ఎంత లోతుకి దిగి ఉంటాడో, గోడల మధ్య తాడు ఎంత వదులై ఉంటుందో ఆలోచించాను. ఈ కారిడార్ కూడా కొంచెం సన్నబడినట్టే ఉంది. కళ్ళు తెరిచేసరికి అత్త ముందుకి వంగి, నేల మీద తన కాళ్ళనే చూస్తోంది. తడిగుడ్డ ఆమె మా బల్ల దగ్గరికొచ్చి కాళ్ళెత్తమంటే, అత్త ఎత్తింది. చెప్పులతో సహా, రెండూ కలిపి, ఊడిపోకుండా. గుడ్డ వెళ్ళిపోయేదాకా దించలేదు.

మనవరాలు ఆమె పక్కన కూర్చుని, "అమ్మమ్మా, పైర్ దుఖ్ జాయేగా," అంది.

"నొప్పెట్టనీ," అంది అత్త. "నాను పోతే సెప్పులు పోతాయి."

చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. మావయ్య వచ్చాడు. ఎవరి ముఖమూ చూడలేదు, ముందు నేలకేసి చూశాడు. అత్త కాళ్ళు కొంచెం పైకెత్తి చూపించింది.

"ఉన్నాయి. రా."

నేను అడక్కుండా ఉండలేకపోయాను. "ఎలా ఉంది మావయ్యా లోపల?"

"ఇరుకు," అన్నాడు.

ఉంగరం పెట్టుకున్నాడు, వాచీ అత్త పెట్టింది. ఆమె ఆయన చెప్పులు విప్పి ముందుకి తోసి, తన చెప్పుల కోసం పక్కకి చూసింది. అక్కడ తడినేల ఉంది. బల్ల కింద చూశాం. తలుపు వెనక చూశాం. తడిగుడ్డ ఆమె తనకేమీ తెలియదంది. వీధినీ చెప్పుల్నీ కలిపి బయటికి తోసేసిందో, ఎవరైనా తమవనుకుని వేసుకుపోయారో. మనవరాలు గేటు దాకా వెళ్ళి చూసొచ్చి, ఖాళీ చేతులు చూపించింది.

అత్త తన వట్టికాళ్ళకేసి చూసుకుంది. "నీ సెప్పులకి కాపలా కాసి," అంది చివరికి, "నాయి పోగొట్టుకున్నాను."

మావయ్య నవ్వాడు. ఆయన నవ్వగా నేను చూడటం కొత్త కాదు గానీ, ఇంత చప్పుడుగా నవ్వగా చూడటం కొత్త. తన చెప్పులు కాలితో మళ్ళీ ఆమె ముందుకి జరిపాడు.

"యేసుకో."

"నువ్వు?"

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. బిష్టుపూర్ రోడ్డు మీద నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. ప్యాంటు మడతపెట్టుకోలేదు, తొందరపడలేదు. ఆటో దగ్గరికి నడిచి, కూర్చుని, తడి పాదాలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

ఆటోవాడు అద్దంలోంచి చూసి, "చాచా, చప్పల్ కహాఁ గయా?" అన్నాడు.

"సముందర్ మే," అన్నాడు మావయ్య.

ఆటోవాడు అద్దంలో ఇంకోసారి చూసి బండి తీశాడు. బిష్టుపూర్ నుంచి సముద్రం బాగా దూరం.